టుటుని బోర్లా తిప్పి చూడండి

టుటుని పైనుంచి చూస్తే అందం కనిపిస్తుంది. బోర్లా తిప్పి చూస్తే పని కనిపిస్తుంది. నాట్యానికి డ్రెస్సులు కుట్టే మనిషిని కాబట్టి నా చూపు ముందు అడుగుభాగం మీదికే పోతుంది.

బ్యాలే నర్తకి తుంటి చుట్టూ బల్లపరుపుగా నిలబడి, కాళ్లు మొదలంటా కనిపించేలా ఉండే పొట్టి గౌను టుటు. పిల్లల పుట్టినరోజు ఫ్రాకుల్లో నెట్టుని నడుం పట్టీకి కుడతాం. టుటులో అలా కుదరదు. లోపల ఒంటికి అతుక్కునే చెడ్డీ ఒకటి ఉంటుంది, నెట్టు పొరలన్నీ దానికే కుడతారు. పని కింది నుంచి మొదలవుతుంది. తొడ దగ్గర వచ్చే పొర వెడల్పు 2, 3 అంగుళాలే. దాని పైది ఇంకాస్త ఎక్కువ. అలా పెరుగుతూ 10, 12 పొరలు దాటాక అన్నిటికంటే పైపొర 14, 15 అంగుళాలకి వస్తుంది. ఒక్కో పొరకీ మీటర్ల కొద్దీ నెట్టు కుచ్చులు తియ్యాలి. సగం పని అయ్యేసరికే ఆ గుట్టని మిషన్ కింద తిప్పడం కష్టమైపోతుంది. కింది పొరలు పై పొరల్ని మోస్తాయి. మధ్య పొరల్లో ఒకదానికి సన్నటి గొట్టంలా పట్టీ కుట్టి అందులో స్టీలు తీగ దూరుస్తారు. చివరికి పొరలన్నిటినీ చేత్తో వదులు టాకాలు వేసి కలుపుతారు. టాకా బిగిస్తే గౌను కదలదు, మరీ వదిలేస్తే ఏ పొరకాపొర విడిపోతుంది. మంచి టుటు ఒకటి తయారవడానికి వారాలు పడుతుంది. పొరలు కిందికి వంగిపోకుండా దాన్ని తలకిందులుగానే దాచిపెడతారు.

నేను కుట్టేవి కూచిపూడి డ్రెస్సులు. విజయవాడలో మా కొట్టు. అమ్మాయి నిలబడి ఉన్నప్పుడు ముందరి ఫ్యాన్ కుచ్చిళ్లు ముడుచుకుని ఉండాలి, మోకాళ్లు పక్కలకి వంచి అరమండిలోకి దిగగానే విచ్చుకోవాలి. ఆ కుచ్చిళ్లు ఎంత లోతుండాలి, లోపల బకరం ఎంత మందం ఉండాలి, కుట్టు ఎక్కడ ఆపాలి అన్నవి అరమండి నిర్ణయిస్తుంది, నేను కాదు. ఈ పని చేసిన కళ్లతో టుటు చరిత్ర చదివితే నాకొక సంగతి తేటతెల్లమైంది. బ్యాలే గౌను మూడు శతాబ్దాల్లో నేల మీద నుంచి తుంటి దాకా ఎక్కింది. పొట్టి అయిన ప్రతిసారీ కాళ్లు కొత్తగా నేర్చిన పని ఏదో దాని వెనక ఉంది. ఆ పనికి దారి ఇవ్వడానికి బట్టతో, కత్తెరతో తంటాలు పడ్డ ఆడవాళ్లున్నారు. ఒళ్లు చూపించుకోవడానికి పొట్టి బట్టలు కట్టారనే మాట ఆ రోజుల్లో అన్నారు, ఇప్పటికీ అంటారు. అది అన్యాయమైన మాట.

ఫ్రాన్సు రాజు పధ్నాలుగో లూయీ 1661లో పారిస్‌లో నాట్య అకాడమీ పెట్టాడు. ఆ తర్వాత ఏర్పడ్డ పారిస్ ఆపెరా రంగస్థలం మీద కూడా మొదట్లో వృత్తిగా నాట్యం చేసింది మగవాళ్లే. ఆడవేషాలు కూడా వాళ్లే కట్టేవాళ్లు, మన కూచిపూడి భాగవతుల్లాగే. 1681లో మొదటిసారి వృత్తి నర్తకీమణులు అక్కడ అడుగుపెట్టారు. ఒంటి మీద మాత్రం దర్బారు బట్టలే. బరువైన సిల్కు, జరీ, నేలని తుడిచే అంచు. కొంతకాలానికి వాటి కింద నడుముకి అటూ ఇటూ తిమింగలం ఎముకతో, పేముతో కట్టిన చట్రాలు కూడా చేరాయి. అంత బరువుతో నడవచ్చు, వంగి నమస్కరించవచ్చు, చేతులు తిప్పవచ్చు. ఎగరడం మగవాళ్ల వంతు.

బ్రస్సెల్స్ నుంచి వచ్చిన మేరీ కమార్గో 1726లో పారిస్ ఆపెరాలో మొదటిసారి ఆడింది. గాల్లోకి ఎగిరి, దిగేలోపు పాదాల్ని ఒకదాని ముందుకి ఒకటి చకచకా మార్చి కొట్టే అడుగు ఒకటుంది, దాని పేరు ఎంత్రషా. మగవాళ్ల సొత్తనుకున్న ఆ అడుగుని కమార్గో వేసింది. వేసి ఏం లాభం, చూసేవాళ్లకి అంచు తప్ప పాదం కనపడకపోతే? గౌను అంచుని చీలమండ పైకి కత్తిరించింది. నికొలా లాంక్రే అనే చిత్రకారుడు ఆమె ఆడుతుండగా బొమ్మ వేశాడు. అందులో గౌను ఇంకా విశాలంగా, పూల తీగలతో బరువుగానే ఉంది. పాదాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. ఇవాళ మనం అది చూస్తే నిండుగా బట్టలు కట్టుకున్న మనిషే కనిపిస్తుంది. అప్పటి పారిస్‌లో ఆ నాలుగు వేళ్ల ఖాళీ గురించి ఊరంతా వాదులాడుకుంది.

కమార్గోకి పోటీగా నిలిచిన మేరీ సాలే వేరే దారి పట్టింది. 1734లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పిగ్మాలియన్ కథ ఆడుతూ చట్రం తీసేసింది, జుట్టు విరబోసుకుంది, గ్రీకు శిల్పాల మీద చీరల్లా జారే పల్చటి మస్లిన్ బట్ట ఒంటికి చుట్టుకుంది. కమార్గో అంచు కత్తిరించింది, సాలే బరువు దించింది. టుటుకి ఈ రెండూ కావాల్సి వచ్చాయి. నా వరకు సాలే చేసిందే పెద్ద పని. అంచు ఎంత కత్తిరించినా చట్రం ఉన్నంతకాలం నడుము బందీయే.

ఆ మస్లిన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. యూరప్‌కి తెల్లటి పల్చటి నూలుబట్ట మీద మోజు పుట్టించింది మన దేశపు నేతగాళ్లు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే నౌకాయాన గ్రంథం మసాలియా అనే తీరంలో సన్నటి నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. అది మన కృష్ణా ముఖద్వారపు తీరమేనని చరిత్రకారులు గుర్తించారు. తర్వాతి కాలంలో ఢాకా మస్లిన్ యూరప్‌ని ఏలింది. 1779లో క్రాంప్టన్ వడికే యంత్రం వచ్చాక ఇంగ్లాండు మిల్లులు సన్న నూలు తీయడం నేర్చి, మన నేతగాళ్ల బజారుని వాళ్ల దగ్గరే మూయించాయి. కాబట్టి పారిస్ నర్తకి కట్టిన మస్లిన్ మన మగ్గం మీద నేసిందని నేననను. అలాంటి బట్ట ఒకటి లోకంలో ఉంటుందని చూపించింది మాత్రం మన మగ్గమే.

1832 మార్చి 12న పారిస్ ఆపెరాలో లా సిల్ఫీడ్ అనే బ్యాలే ఆడారు. స్కాట్లండ్ పల్లెటూరి యువకుడొకడు గాలి కన్యని ప్రేమించే కథ. గాలి కన్య మేరీ టాగ్లియోనీ. నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. ఆయన కూతుర్ని రోజూ గంటల కొద్దీ నిర్దయగా సాధన చేయించాడు, కాలివేళ్ల కొసల మీద నిలబడడం గారడీలా కాకుండా సహజంగా కనిపించేదాకా. ఇప్పట్లా గట్టి మొన ఉన్న చెప్పులు అప్పుడు లేవు. మెత్తటి సాటిన్ చెప్పులకి కొసల్లో దారంతో రఫ్ఫు చేసి గట్టిపరుచుకునేవాళ్లు. ఆ మనిషికి కావలసిన బట్ట ఏది? నేలకి తగలకూడదు, వేళ్ల కొసలు కనిపించాలి, ఎగిరినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా దిగాలి. చిత్రకారుడు యూజీన్ లామీ గీశాడని చెప్పే ఆ గౌను తెల్లటి మస్లిన్‌ది. మోకాలికీ చీలమండకీ మధ్య ఆగే గంట ఆకారం, భుజాలు వదిలేసిన బిగుతు బాడీసు, వీపున చిన్న రెక్కలు. లోపల గంజిపెట్టిన పల్చటి లోపావడాలు ఒకదాని మీద ఒకటి. బ్యాలే వాళ్లు ఇప్పటికీ రొమాంటిక్ టుటు అనేది దీన్నే.

ఆ తెలుపు వెలగడానికి ఇంకో కారణం ఉంది. 1822 నుంచి ఆ నాటకశాలలో గ్యాసు దీపాలు వచ్చాయి. కొవ్వొత్తుల వెలుగు పచ్చగా ఉంటుంది, తగ్గించడం పెంచడం కుదరదు. గ్యాసుని తిప్పితే వెన్నెల వస్తుంది. 1831లో రాబర్ట్ ద డెవిల్ ఆపెరాలో చనిపోయిన సన్యాసినులు సమాధుల్లోంచి లేచి ఆ వెన్నెల్లో తెల్లబట్టల్లో ఆడారు. 1841లో జిసెల్ వచ్చింది, అందులో చనిపోయిన పెళ్లికూతుళ్ల గుంపు మొత్తం తెలుపే. తెల్ల మస్లిన్, గ్యాసు వెలుగు. ఈ రెండూ కలిసి ప్రాణాలు తీస్తాయని అప్పటికింకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మస్లిన్ పక్కన చేరిన రెండో బట్ట నెట్టు. చేత్తో అల్లే లేసు నెట్టుని యంత్రం మీద చేయవచ్చని చూపించినవాడు ఇంగ్లాండులో జాన్ హీత్‌కోట్. 1809లో పేటెంటు తీసుకున్నాడు. 1816లో లఫ్‌బరో ఊళ్లో కూలి తెగి కడుపు మండిన కార్మికులు రాత్రివేళ అతని ఫ్యాక్టరీలో చొరబడి 55 యంత్రాలు పగలగొట్టారు. హీత్‌కోట్ ఆ ఊరే వదిలేసి డెవన్ జిల్లా టివర్టన్‌కి తరలిపోయాడు. చాలామంది పనివాళ్లు అతని వెంట అంత దూరమూ నడిచి వెళ్లారు. ఆ కంపెనీ టివర్టన్‌లో ఇప్పటికీ ఉంది. 2021లో అంగారకుడి మీద దిగిన పెర్సివరెన్స్ రోవర్ పారాచూట్ బట్ట అక్కడే నేశారు. యంత్రం నెట్టు లేకపోతే ఒక్క గౌనుకి ఇన్నేసి మీటర్లు వాడే ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

ఇక మంటల సంగతి. ఇది త్వరగా దాటిపోలేను.

పల్చటి బట్టలో నూలు కంటే గాలి ఎక్కువ. మంటకి కావలసింది కూడా గాలే. రంగస్థలం అంచున, పక్కల్లో మూత లేని గ్యాసు మంటలు వరసగా వెలిగేవి. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీలేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ గౌను అంటుకుంది. ప్రేక్షకుల కళ్ల ముందే. మూడు రోజులకి చనిపోయింది. 1861లో ఫిలడెల్ఫియాలో తెర వెనక బట్టలు మార్చుకునే గదిలో ఒకమ్మాయికి మంటంటుకుంటే, కాపాడబోయిన అక్కచెల్లెళ్లకీ తోటి నర్తకులకీ అంటుకుని అరడజను మందికి పైగా పోయారు.

1862 నవంబరు 15న పారిస్ ఆపెరాలో రిహార్సల్. ఎమ్మా లివ్రీకి అప్పటికి ఇరవై ఏళ్లు. టాగ్లియోనీ తన తర్వాత ఈమే అని ఎంచుకుని, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన శిష్యురాలు. ఆమె కోసమే టాగ్లియోనీ 1860లో సీతాకోకచిలుక కథతో ఒక బ్యాలే కూర్చింది. అందులో సీతాకోకచిలుక రెక్కలు మంటకి కమిలిపోతాయి. రిహార్సల్ నాడు ఎమ్మా తన వంతు కోసం ఎత్తైన చోట కూర్చుంటూ, గౌను నలిగిపోకుండా చేత్తో పైకి ఎగదోసింది. కుట్టుపని తెలిసిన ఎవరికైనా ఆ చెయ్యి ఎందుకలా కదిలిందో అర్థమవుతుంది. గంజి మస్లిన్ మీద కూర్చుంటే మడత పడి ఇక లేవదు. ఆ గాలికి పక్కనున్న గ్యాసు మంట ఎగిసి నెట్టుని పట్టుకుంది. ఆమె పరుగెత్తింది, మంట ఇంకా పెరిగింది. నిప్పు సిబ్బంది దుప్పటి కప్పేసరికి బాడీసు లోపలి ఎముక బద్దలు ఒంటికి కాలి అంటుకున్నాయి. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలై 26న చనిపోయింది. ఆ కాలిన బట్ట మిగులు పారిస్ ఆపెరా మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

దీనికి మందు లేక కాదు. 1821లోనే రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ పద్దెనిమిదో లూయీ కోరిక మీద నాటకశాల బట్టలు అంటుకోకుండా అమోనియం ఫాస్ఫేటు, బొరాక్స్ లాంటి లవణాల్లో ముంచే పద్ధతి కనిపెట్టాడు. పారిస్‌లో కార్తెరోన్ అనే ఆయన పద్ధతి కూడా వచ్చింది, దాన్ని వాడి తీరాలని 1859లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఆ నీళ్లలో ముంచిన మస్లిన్ బిర్రబిగుసుకుపోయేది, తెలుపు పోయి మాసినట్టయ్యేది. గాల్లో తేలాల్సిన గౌను అట్టముక్కలా కదిలేది. ఎమ్మా లివ్రీ డైరెక్టరుకి ఉత్తరం రాసింది, ఏం జరిగినా బాధ్యత నాదే, నా మామూలు గౌనులోనే ఆడతానని. ఆమెని మొండిదని కొందరు రాశారు. నేను అలా అనలేను. ఆమె బతుకంతా తేలికగా కనిపించడం మీద ఆధారపడి ఉంది. తేలికగానూ క్షేమంగానూ ఉండే బట్ట ఇవ్వాల్సింది నాటకశాల. గ్యాసు మంటలకి జాలీలు బిగించడానికి అంత ఖర్చేం కాదు. విద్యుద్దీపాలు వచ్చిన తర్వాత గాని ఈ భయం తగ్గలేదు.

ఇందుకే మా కొట్టుకి వచ్చే తల్లులకి ఒకటి చెబుతుంటాను. ఇవాళ పిల్లల గౌన్లకి వాడే నైలాన్ నెట్టు మంటకి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. వార్షికోత్సవాల్లో పిల్లలు ఆ గౌన్లతో దీప ప్రజ్వలన స్తంభం పక్కన వరసగా నిలబడతారు. దీపాన్ని నాలుగడుగులు అవతల పెట్టించండి, లేదా పిల్లల్ని పెట్టండి.

1870ల్లో, 1880ల్లో గౌను మోకాలి దాకా ఎక్కింది. చిత్రకారుడు దేగా బొమ్మల్లో చూసేవి ఆ గౌన్లే. ఆయన 1881లో ప్రదర్శించిన మైనపు బొమ్మ, పద్నాలుగేళ్ల నాట్య బాలిక, నిజమైన జుట్టుతో, నిజమైన బాడీసుతో, నిజమైన బట్ట గౌనుతో నిలబడింది. బొమ్మకి కూర్చున్న మేరీ వాన్ గోతెమ్ తండ్రి బెల్జియం దర్జీ, తల్లి చాకలి పని చేసేది. ఆపెరాలో చిన్న వేషాలు వేసే పిల్లలు చాలామంది ఇలాంటి ఇళ్ల నుంచే వచ్చేవాళ్లు, డబ్బున్న చందాదారులు తెర వెనకకి వచ్చి వాళ్లని చూసుకునే ఆచారం బాహాటంగా నడిచేది. పొట్టి గౌను మీద పడ్డ చెడ్డపేరు అసలు ఈ చందాదారులది. ఆ బొమ్మకి దేగా చనిపోయాక కంచు నకళ్లు పోతపోశారు. బట్ట గౌను నిలవదు కదా, మ్యూజియంలు ఎప్పటికప్పుడు కొత్తది కుట్టించి తొడుగుతాయి. అందుకే ఒక ఊళ్లో ఆ అమ్మాయి గౌను తొడ దాకా ఉంటే ఇంకో ఊళ్లో మోకాలి కింద దాకా వేలాడుతుంది.

పూర్తిగా పొట్టి చేయించినవాళ్లు ఇటలీ నర్తకులు. గిర్రున తిరగడంలో, కాలి కండ బలంలో వాళ్లకి సాటి లేదు. 1885లో వర్జీనియా జూకీ సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజ నాటకశాలకి వచ్చినప్పుడు అక్కడి పొడుగు గౌను తొడగనని పట్టుబట్టి పొట్టిదే వేసుకుంది. ఆమె తర్వాత వచ్చిన పియెరీనా లెన్యానీ ఒంటికాలి వేళ్ల మీద, రెండో కాలుని విసురుతూ, 32 సార్లు ఆగకుండా తిరిగింది. 1895లో స్వాన్ లేక్‌లో ఆ 32 చుట్లు పెట్టింది ఆమె కోసమే. మోకాలు ఎక్కడ మడుస్తుందో, ఎక్కడ చాస్తుందో కనపడకపోతే ఆ చుట్ల గొప్పతనం ఎవరికి తెలుస్తుంది? కుట్టేవాళ్ల వైపు నుంచి ఇంకో లెక్కుంది. పొడుగు గౌను తిరిగేటప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది, ఆగినప్పుడు తను ఆగదు. ఆ విసురుకి నర్తకి తూలుతుంది. గౌనుని తుంటి మీదికి ఎక్కించడం అప్పుడు అవసరమైంది.

అక్కడే 1901లో జరిగిన గొడవ నాకెంతో ఇష్టం. కమార్గో జీవితం మీద అల్లిన పాత బ్యాలేలో మటిల్డా క్షెసిన్‌స్కయా నాయిక. పాతకాలపు పద్ధతి ప్రకారం గౌను కింద చట్రం ఉండాలని నాటకశాల డైరెక్టరు ప్రిన్స్ వోల్కాన్‌స్కీ హుకుం. చట్రంతో ఆడలేనని ఆమె తీసేసి ఆడింది. డైరెక్టరు జుర్మానా వేసి నోటీసు అంటించాడు. ఆమెకి జార్ చక్రవర్తి దగ్గర పలుకుబడి ఉంది, జుర్మానా రద్దయింది, వోల్కాన్‌స్కీ పదవి వదులుకున్నాడు. పలుకుబడితో గెలవడం మెచ్చుకోవాల్సిందేం కాదు. కానీ పాదాలు కనిపించాలని అంచు కత్తిరించిన కమార్గో పాత్ర వేస్తూ చట్రం తొడుక్కోమంటే ఏ నర్తకి ఒప్పుకుంటుంది?

తర్వాత గాలి తిరిగింది. ఫోకీన్ అనే రష్యన్ నాట్యకారుడికి ప్రతి కథకీ అదే పొట్టి టుటు వాడడం నచ్చలేదు. లే సిల్ఫీడ్ అనే బ్యాలేకి మళ్లీ టాగ్లియోనీ నాటి పొడుగు తెల్ల గౌను తెచ్చాడు, 1909లో పారిస్ దాన్ని చూసింది. అన్నా పావ్లోవా కోసం చనిపోతున్న హంస నాట్యం కూర్చింది కూడా ఆయనే. పావ్లోవా ఆ హంస ఈకల గౌనుని దేశదేశాలూ తిప్పింది. 1922లో మన దేశం వచ్చింది. మరుసటి ఏడు లండన్‌లో మన నాట్యకారుడు ఉదయశంకర్‌తో రాధాకృష్ణుల నాట్యం చేసింది. 1920ల చివర రుక్మిణీదేవి అరండేల్‌తో స్నేహం కుదిరింది. బ్యాలే నేర్చుకుంటానన్న ఆమెకి, నీ దేశపు నాట్యం వెతుక్కో అని చెప్పిన మనిషి పావ్లోవా. రుక్మిణీదేవి 1935 డిసెంబరులో అడయార్‌లో తొలిసారి భరతనాట్యం ఆడినప్పుడు నాట్యంతో పాటు బట్టనీ కొత్తగా ఆలోచించింది, గుడి శిల్పాలు చూసి కుట్టు డ్రెస్సు రూపొందించింది. ఇవాళ మా మిషన్ మీద నడిచే కుట్టు కుచ్చిళ్ల డ్రెస్సులకి దారి అక్కడ పడింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లాండులో 1941 నుంచి బట్టకి కూపన్లు. 1946 ఫిబ్రవరి 20న లండన్ రాయల్ ఆపెరా హౌస్ మళ్లీ తెరిచినప్పుడు ఆలివర్ మెస్సెల్ రూపొందించిన స్లీపింగ్ బ్యూటీ ఆడారు, నాయిక మార్గో ఫాంటేన్. బట్ట దొరకని రోజుల్లో సిబ్బంది తమ కూపన్లు ఇచ్చారు, దొరికిన ప్రతి గుడ్డనీ రాజదర్బారుగా మార్చారు. ఆ కుట్టుగదిలో పనిచేసిన వాళ్లందరికీ నేను చేతులెత్తి మొక్కుతాను. ఈ కాలంలోనే నైలాన్ నెట్టు, స్టీలు తీగ వచ్చి టుటు మనం ఇవాళ చూసే బల్లపరుపు రూపానికి చేరింది. చెమటకీ తేమకీ గంజి దిగిపోయే పాత మస్లిన్ బాధ తీరింది.

స్టీలు తీగ ఒక కష్టం తెచ్చింది. దాన్ని తీర్చిన మనిషి బార్బరా కరిన్‌స్కా. 1886లో ఖార్కివ్‌లో పుట్టింది. ఎంబ్రాయిడరీ ఆమె చేతి విద్య. విప్లవం తర్వాత రష్యా వదిలి పారిస్‌లో, ఆ తర్వాత న్యూయార్క్‌లో కుట్టు కార్ఖానా నడిపింది. జోన్ ఆఫ్ ఆర్క్ సినిమా దుస్తులకి ఆస్కార్ పంచుకుంది. నాట్యకర్త బలన్‌షీన్ కూర్చిన సింఫనీ ఇన్ సి అనే బ్యాలే చివర్లో యాభై మంది దాకా రంగస్థలం మీద ఉంటారు. తీగ ఉన్న టుటులైతే పక్కవాళ్ల గౌను తగలగానే ఒక వైపు దిగి ఇంకోవైపు లేస్తాయి, వరస మొత్తం ఊగుతుంది. 1950లో కరిన్‌స్కా తీగ తీసేసింది. పొరలు ఆరేడుకి తగ్గించి, ఒక్కో పొరని కింది దానికంటే కాస్త పొడుగు చేసి, వదులు టాకాలతో మెత్తగా నిలబెట్టింది. పౌడర్ పఫ్ టుటు అని పేరొచ్చింది. నాకు మరీ నచ్చేది ఆమె బాడీసు. ఊపిరి తీసుకుంటే పక్కటెముకలు విప్పారాలి కదా, అందుకని పక్క ముక్కల్ని క్రాస్ కటింగులో తీసేది. మంచి జాకెట్టు కుట్టే ప్రతి దర్జీకీ తెలుసు, క్రాస్ తీసిన ముక్క సాగుతుంది, నిలువు తీసింది సాగదు. ఎవరికీ కనిపించని లోపలి వైపు చిన్న పువ్వో మరొకటో కుట్టేది, ఆడే అమ్మాయికి మాత్రమే తెలిసేలా. తన బ్యాలేల విజయంలో సగం కరిన్‌స్కాదేనని బలన్‌షీనే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాతవి క్లుప్తంగా చెబుతాను. 1974 నుంచి ట్రొకడెరో బృందంలో మగవాళ్లు టుటులు కట్టి వేళ్ల మీద ఆడుతున్నారు. నల్లజాతి నర్తకుల కోసం ఆర్థర్ మిచెల్ 1969లో మొదలుపెట్టిన హార్లెమ్ నాట్య బృందం, కాలి మేజోళ్లూ చెప్పులూ ఎవరి ఒంటి రంగుకి వారికి ఉండాలని తేల్చింది. గులాబీ రంగు ఒక్కటే అందరి చర్మం కాదని ఒప్పుకోవడానికి బ్యాలేకి అన్నేళ్లు పట్టింది. 1996లో నాట్యకర్త ఫోర్‌సైత్ బ్యాలే ఒకదానికి కుచ్చులే లేని ఆకుపచ్చ టుటులు, నున్నటి గుండ్రటి పలకలా తయారుచేశారు.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గాజు వెనక పాత టుటులు చూసినప్పుడు నేను వెతికింది వీపున ఉండే హుక్కుల వరసలు. ఒక టుటు ఒక్కరిది కాదు. ఇవాళ ఒకరికి, వచ్చే ఏడు ఇంకొకరికి సరిపోయేలా రెండు మూడు వరసల్లో హుక్కులు కుడతారు. లోపలి వైపు, దాన్ని వేసుకున్న నర్తకుల పేర్ల పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఉతకడానికి వీల్లేదు కనక చెమట వాసన పోవడానికి వోడ్కా నీళ్లు చల్లుతారు. వేసుకున్నవాళ్ల పేర్లు లోపల మిగులుతాయి, కుట్టినవాళ్ల పేరు చాలాసార్లు ఎక్కడా ఉండదు.

ఎప్పుడూ అలాగే లేదు. జార్ల కాలపు పీటర్స్‌బర్గ్‌లో బ్యాలే కథ అచ్చువేసిన చిన్న పుస్తకాల్లో, ఆడవాళ్ల దుస్తులు శ్రీమతి ఆఫిత్సెరోవా, మగవాళ్లవి ఇవాన్ కాఫీ అని వేసేవాళ్లు. నూట ముప్పై ఏళ్ల కిందట వాళ్లు చేసింది మనమూ చేయవచ్చు. మీ అమ్మాయి రంగప్రవేశానికి ఆహ్వాన పత్రిక వేయించేటప్పుడు గురువుగారి పేరు, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, మేకప్, లైటింగు అన్నీ వేస్తారు. వాటి కింద ఇంకొక్క లైను చేర్చండి. డ్రెస్సు కుట్టినవారి పేరు, ఊరు. దర్జీని అడిగితే ఇంటిపేరుతో సహా చెబుతాడు.